లైసెన్సు చూపిస్తేనే సెట్టు

అమ్మాన్ నగరంలో, అటూ ఇటూ మాట్లాడుకునే రేడియో సెట్లు అమ్మే వస్ఫీకి, లైసెన్సు లేనివాళ్లకు అమ్మకూడదన్న నిబంధన వచ్చాక నడుం నిటారైంది. ఎవరు కార్డిచ్చినా నుదుటి మీది కళ్లజోడు దించుకుని, దొంగనోటు చూసినట్టు వెలుతురుకు పట్టి చూస్తాడు. రిటైరైన లెక్కల మాస్టారు గాలిబ్ మొన్న వచ్చాడు. పాత సెట్టు కాలిపోయింది, లైసెన్సేమో రెన్యువల్‌కు వెళ్లింది. “నన్నెరగవా వస్ఫీ?” “మిమ్మల్ని ఎరుగుదును మాస్టారూ, కార్డునే ఎరగను!” అంతలో బల్ల మీది సెట్టు గరగరలాడింది. “ఒరేయ్ జమీల్, పోలీసులున్నార్రా, వెనక వీధిలోంచి రా!” అంటున్నారు పుచ్చకాయల లారీవాళ్లు. వాళ్లలో ఒక్కడికీ లైసెన్సు లేదు. “వీళ్లకెవరమ్మారయ్యా?” అన్నాడు మాస్టారు. “నేను మాత్రం కాదు,” అని వస్ఫీ గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

మాస్టారు తిన్నగా పుచ్చకాయల మండీకి వెళ్లి, జమీల్ దగ్గరే ఒక సెట్టు కొన్నాడు. సాయంత్రం రేడియోలో పద్ధతి ప్రకారం తన పేరు, లైసెన్సు మీది సంకేతం చెప్పుకుని అందరికీ సలాం చేశాడు. ఆ తరంగాల మీద పేరు చెప్పుకున్నవాడు ఆయనొక్కడే కనుక, మర్నాడు తనిఖీవాళ్లు ఆయన ఇంటికే వెళ్లి సెట్టు పట్టుకుపోయారు. వార్త విని వస్ఫీ చుట్టుపక్కల దుకాణాలవాళ్లందరికీ టీ తాగించాడు. “చూశారా, దొంగ దొరికాడు! నిబంధన పనిచేస్తోందా లేదా?”