రాని కేక

శ్రీకాకుళంలో విజయనగరం బస్సెక్కాను. నా పక్క సీటులో ఉన్న నడివయసు ఆవిడది కళింగపట్నం. వీధులు తిరిగి చేపలమ్ముతుందట. గంప మాత్రం వెంట లేదు.

"గంపేదీ పిన్నీ?" అన్నాను.

"ఈ రోజు మనసు డాక్టరమ్మ కాడికి ఎల్తన్నాను" అంది, పంటి డాక్టరు అన్నంత మామూలుగా.

నాకు ఆసక్తి ఆగలేదు. ఏమైందని అడిగాను.

"వీధిలోకెల్తే 'సేపలో' అని కేకెయ్యాల గదా. ఆ కేక రాడం మానీసింది. గంపెత్తుకుని ఊరికే నడిసీదాన్ని. సేపలన్నీ మళ్లీ ఇంటికే వొచ్చీవి."

ఇంట్లోవాళ్లు దిష్టి అనుకుని తాయెత్తు కట్టించారు. తర్వాత గొంతు డాక్టరుకు చూపించారు.

"గొంతులో ఏటీ నేదన్నాడు. తెల్లారితే ఏడుపొచ్చీది. అది ఎవులికీ సెప్పనేదు నాను."

"మరి డాక్టరమ్మ ఏటి సేస్తాది?" అన్నాను.

"కూకోబెట్టి అడుగుతాది, నాను సెప్తాను. మాత్రలూ ఇచ్చింది."

"అన్నీ సెప్పీగలవా? కేక వొచ్చిందా?"

"మొన్న ఒక వీధిలో వొచ్చింది. సిన్నదే."

అప్పుడావిడ నా వైపు తిరిగి కాసేపు చూసింది.

"ఇన్ని అడుగుతన్నావు. నీకేటయిందమ్మా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆవిడ మళ్లీ అడగలేదు. దిగేముందు మాత్రం నా భుజం తట్టి గుర్తులు చెప్పింది. టైలరు కొట్టు పక్క సందు, ఎర్ర గేటు, మేడ మీద గది.

ఆవిడ చెప్పడం మరిచింది ఒక్కటే. ఆ గేటు గడియ కాస్త పైకెత్తి లాగితేనే వస్తుంది. మొదటి రోజు నేను దానితో చాలాసేపు తంటాలు పడ్డాను.