మేక ముట్టని మొక్క

మంగళవారం ఉదయం ఏడు గంటలకు జమ్లీ తన పదకొండు మేకల ముందు ఒక అడ్డసరం కొమ్మ పడేసింది. ముందురోజు మధ్యాహ్నం నుంచి వాటికి మేత లేదు. మే నెల కాబట్టి బయట తిరిగినా దొరికేది తక్కువే. పెద్ద పోతు వచ్చి వాసన చూసి తల తిప్పుకుంది. మిగతావి అంత దూరం కూడా రాలేదు. జమ్లీ పావుగంట చూసి కొమ్మ తీసేసింది. మేకలకు సుబాబుల్ రొట్ట వేసి, గడ్డపార భుజాన పెట్టుకుని బడి వైపు నడిచింది. బడి ముందు ఈసారి అడ్డసరం నాటవచ్చని తేలిపోయింది.

దేవరుప్పుల మండలంలో గుట్ట వారగా ఉన్న ఆ తండాలో తొంభై ఇళ్లు. రోడ్డు నుంచి తండా దాకా అర కిలోమీటరు దారి, బడి ముందు మైదానం, నీళ్ల ట్యాంకు చుట్టూ కొంత ఖాళీ జాగా ఉన్నాయి. వాటిలో నాటమని ఏటా మొక్కలు వస్తాయి. ఏటా ఎండిపోతాయి, లేదంటే మేకలు తింటాయి. మళ్లీ వానాకాలం అవే గుంతల్లో కొత్త మొక్కలు పడతాయి. ఇలా ఏడేళ్లు సాగింది.

జమ్లీకి యాభై రెండేళ్లు. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఎకరం పది గుంటల చెలక వానను బట్టి పండుతుంది, పండదు. ఇల్లు నడిపేది మేకలే. వాటితో లంబాడీలో మాట్లాడుతుంది, ఆఫీసువాళ్లతో తెలుగులో. గొంతు మాత్రం రెండు చోట్లా ఒకటే.

రెండేళ్ల కింద జూలైలో ఆమె మేకలు దారి పక్క మొక్కలను ఒక్క పొద్దున నలభై దాకా కొరికేశాయి. మందార, బాదం, పేర్లు తెలియని రంగుల మొక్కలు. పంచాయతీ సిబ్బంది రెండు మేకలను పట్టుకొచ్చి ఆఫీసు స్తంభానికి కట్టేశారు. జమ్లీ వచ్చి ఆ స్తంభం పక్కనే కూర్చుంది.

పంచాయతీ కార్యదర్శి అలేఖ్యకు అప్పటికి ఉద్యోగం వచ్చి ఏడాదిన్నర. నాటినవాటిలో నూటికి ఎనభై ఐదు బతకకపోతే మెమో వస్తుంది. ఆ తండాలో అంతకుముందు ఏడాది బతికినవి నూటికి ముప్పై.

“అక్కా, ఒకటి గాదు రెండు గాదు, నలభై మొక్కలు. రేపు మండలం నుంచి వస్తరు. ఏం చెప్పాలె నేను?”

“మేక తిన్నదని చెప్పు. అబద్ధమా?”

“మేకల్ని కట్టేసుకోవాలె గదా.”

“నా మేకల్ని కట్టేస్తే నా పొయ్యి మీద ఏం పెట్టాలె మేడమ్? మీరు తెచ్చిన మొక్కకు రోజూ నీళ్లు పొయ్యాలె, సుట్టూ కంప పెట్టాలె, మల్ల కాపలా మనిషి ఉండాలె. గది మొక్కనా, కొత్త పెండ్లికొడుకా?”

మేకలను సాయంత్రానికి విడిచారు. కానీ ఆ వారమే గ్రామసభలో రవీందర్ లేచాడు. వరసకు జమ్లీ మరిది. ఇదివరకు వార్డు మెంబరుగా చేశాడు. తండాలో మాట చెల్లే మనిషి. మేకలున్నవాళ్లంతా దీపావళి లోపు అమ్మేయాలని తీర్మానం పెట్టాడు. తండాలో మేకలున్నది నాలుగు ఇళ్లకు. మిగతా ఇళ్లవాళ్లు చేతులెత్తారు. తీర్మానం రిజిస్టర్‌లోకి ఎక్కింది. ఆ నాలుగు ఇళ్లవాళ్లలో ముగ్గురు సంతకం చేశారు. జమ్లీ పెన్ను పట్టుకోలేదు.

“అందరు ఒప్పుకున్నరు వదినె. నీ ఒక్కదానికే ఏంది గీ పొగరు?”

“అందరికి మేకలు లేవు రవీందర్. లేనోళ్లకు ఒప్పుకునుడు అల్కగనే ఉంటది.”

“అయితే మొక్కలొద్దంటవా? పిల్లలు ఎండల ఆడుకోవాల్నా?”

“మొక్కలొద్దని ఎవరన్నరు? మేక తినే మొక్కలొద్దంటున్న. ఒక్క ఏడాది ఆ జాగలన్నీ నాకియ్యిరి. ట్యాంకర్ వద్దు, కంప వద్దు, ఇనుప జాలీ వద్దు. నా మేకలు ఆ నడుమల్నే తిరుగుతయి. లెక్కకు తక్కువైతే, మేకల్ని నేనే జనగామ అంగడికి తోలుకపోత.”

సభలో నవ్వారు. అలేఖ్య నవ్వలేదు. ఆమె దగ్గర అంతకంటే మంచి ఉపాయం లేదు. ఆ మాటలను అలాగే రాసుకుని, ఏడాది గడువు పెట్టింది.

మరుసటి రోజు ఆమె ప్లాన్ అడిగింది. ఎక్కడ ఏ మొక్క, ఎన్ని గుంతలు, ఎంత దూరం. జమ్లీ వాన పడనీ అంది. నాలుగు రోజులకు పెద్ద వాన కొట్టింది. నెత్తి మీద యూరియా సంచి కప్పుకుని జమ్లీ రెండు గంటలు తండా అంతా తిరిగింది. నీళ్లు నిలిచిన చోటల్లా ఒక రాయి, పారిన చోటల్లా రెండు రాళ్లు పెట్టుకుంటూ పోయింది. తెల్లారి రాళ్ల వెంట బూడిదతో గీతలు గీసింది. బడి కప్పు మీది నీళ్లు పడే మూల సీతాఫలానికి. ట్యాంకు నిండి పొర్లే నీళ్లకు చిన్న కాలువ, కాలువ పొడవునా వావిలి. పడమటి ఎండ పడే వైపు నీడ కోసం కానుగ. వాలు మీద ప్రతి గుంతకూ దిగువన సగం చందమామలా మట్టికట్ట. చుక్క నీరు నిలవని మొరం నేలలో గుంతలే వద్దు, గుట్ట మీంచి తెచ్చిన తంగేడు గింజలు చల్లితే చాలు. అలేఖ్య బడి మిద్దె ఎక్కి ఆ బూడిద గీతలను ఫోన్‌లో ఫొటో తీసి మండలానికి పంపింది. ప్లాన్ అదే.

ఏది నాటాలో మేకలు తేల్చాయి. ప్రతి కొమ్మనూ వాటి ముందు వేసి, వదిలేసినదాన్నే జమ్లీ నాటింది. తంగేడు, సీతాఫలం, వావిలి, కానుగ. తంగేడు దుబ్బులతో కలిపి మొత్తం రెండు వందల నలభై. దసరా నాటికి అన్నీ మోకాలెత్తు దాటాయి. దీపావళి పోయింది. మిగతా ముగ్గురూ మేకలు అమ్మేసుకున్నారు. జమ్లీ మేకలు బడి ముందు నుంచే రోజూ గుట్టకు వెళ్లాయి, ఒక్క ఆకూ ముట్టలేదు.

మార్చిలో ఒక్క వారంలో నలభై ఆరు కానుగ మొక్కలూ బోడిపుల్లలయ్యాయి.

రవీందర్ ఇంటి ముందుకొచ్చి, పది మంది వింటుండగా అడిగాడు.

“ఏమైంది వదినె, నీ మేకలు పరీక్షల కాపీ కొట్టినయా?”

ఆ మాట తండా అంతా తిరిగింది. వచ్చే అంగడికి ఆటో మాట్లాడమంటావా అని కూడా అడిగాడు.

“ఏడాదన్న. ఇంక నాలుగు నెల్లున్నది,” అంది జమ్లీ. “ఆటోకు తొందరేమొచ్చింది?”

తప్పు ఎక్కడుందో ఆమెకు ఆ రోజే అర్థమైంది. అలేఖ్యకు దాచకుండా చెప్పింది.

“మేకది తప్పు గాదు బిడ్డా, నాది. వానకాలం దాని కడుపు నిండుగుంటది. అప్పుడు అడిగితే పటేల్ లెక్క అది వద్దు, ఇది వద్దంటది. అడిగేదుంటే ఎండకాలం అడగాలె, ఆకలి మీద.”

ఏప్రిల్‌లో మళ్లీ అన్ని కొమ్మలూ ఆకలి మేకల ముందు పడ్డాయి. సీతాఫలం, తంగేడు, వావిలి అలాగే మిగిలాయి. కానుగను కర్రతో సహా నమిలాయి. ఆ మొక్కల వేర్లు మాత్రం బతికే ఉన్నాయి, చిగురు పెట్టడం మొదలుపెట్టాయి. జమ్లీ మేకపెంటను నీళ్లలో నానబెట్టి, చిక్కగా కలిపి, ప్రతి చిగురుకూ చీపురుతో పూసింది. తన పెంట కంపు తగిలిన ఆకును మేక ఎంత ఆకలైనా ముట్టదు. చెలక గట్టున ఆమె తల్లి చేసిన పనే ఇది. పది రోజులకొకసారి, వానలు పడేదాకా పూసింది. బడి పిల్లలు ముక్కులు మూసుకుని పరుగెత్తేవారు.

జూలై మొదట్లో లెక్కపెట్టారు. అలేఖ్య ఫోన్‌తో, రవీందర్ గీతలు గీసుకునే కాగితంతో. అతనికి ఫోన్ లెక్క మీద నమ్మకం లేదు. అనుమానం వచ్చిన ప్రతి కానుగ మొదలునూ గోరుతో గీరి, లోపల పచ్చదనం ఉందో లేదో చూశాడు.

“కంపు కొడుతున్నది వదినె.”

“నీకు కంపు, దానికి కంచె. గీరు, గీరి సూడు.”

మూడుసార్లు లెక్కపెట్టినా చచ్చినవి ముప్పై ఒకటే. బతికినవి రెండు వందల తొమ్మిది. నూటికి ఎనభై ఏడు. ట్యాంకర్ ఒక్కసారీ రాలేదు.

రవీందర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “సరే. నీ మేకలు ఉంచుకో,” అన్నాడు.

అక్కడితో అందరూ ముగిసిందనుకున్నారు. జమ్లీ అనుకోలేదు.

“ఉంచుకో అంటానికి నువ్వెవరివి? రిజిస్టర్ల తీర్మానం అట్లనే ఉన్నది. రేపు నీకు కోపమొస్తే మల్ల కట్టేస్తవ్. కొట్టెయ్యిరి దాన్ని.”

“కొట్టేస్తే మిగతా ముగ్గురు మా మేకల సంగతేందని మీద పడ్తరు వదినె. జర సమజ్ చేసుకో.”

“పడాలె. నేనే పొమ్మంటున్న.”

అమ్మేసిన ముగ్గురిలో తారి ఒకతె. ఆరు మేకలు పోయాక ఆమె జనగామలో ఇటుక బట్టీకి వెళ్తోంది. జమ్లీ మొదట ఆమె ఇంటికే వెళ్లింది. అలేఖ్యతో దరఖాస్తు రాయించింది. తీర్మానం రద్దు చేయాలి, మేకలు పెంచేవాళ్లు పెంచుకోవచ్చు, ఇక మీదట తండాలో నాటే ప్రతి మొక్కనూ ముందు మే నెలలో మేకల ముందు వేసి చూడాలి. మూడో మాట రాసేటప్పుడు అలేఖ్య పెన్ను ఆపింది. అది కూడా రాయమని జమ్లీ పట్టుబట్టింది. గ్రామసభ ముందుకు దరఖాస్తు రాకుండా నాలుగుసార్లు వాయిదా పడింది. ఐదోసారి జమ్లీ మండల ఆఫీసు మెట్ల మీద ఒక పూట కూర్చుంటే తేదీ ఇచ్చారు.

సభ వచ్చే నెల, జూన్ తొమ్మిదిన. తొంభై ఇళ్లలో సగానికి ఒకటి ఎక్కువ, అంటే నలభై ఆరు ఇళ్ల సంతకాలు కావాలి. ఇప్పటికి ముప్పై ఎనిమిది వచ్చాయి. ఒకటి రవీందర్ ఇంటిది. అతను ఊళ్లో లేనప్పుడు భార్య నీలి పెట్టింది. ఇంకా ఎనిమిది కావాలి.