సంస్కారపు గిన్నెకు నేనిచ్చిన రిపోర్టు

నేను పదవీ విరమణ చేయడానికి నాలుగేళ్ల ముందు, ఎండాకాలం చివర్లో, సీనియర్ కెమిస్టుగా నన్ను బాయిలర్ నీళ్ల ల్యాబు నుంచి తాగునీటి ల్యాబుకు మార్చారు. చంద్రాపూర్ చుట్టుపక్కల ఉన్న విద్యుత్ కేంద్రాల్లో ఒకదానిలో నా ఉద్యోగం. బాయిలర్‌కు వెళ్లే నీళ్లలో లవణాలు లేకుండా చూడడం పాత పని. కాలనీ కుళాయి నీళ్లు తాగి ఎవరికీ వాంతులూ విరేచనాలూ కాకుండా చూడడం కొత్త పని. హోదాలో రెండూ సమానమే అన్నారు. కానీ బాయిలర్ చెడితే హెడ్డాఫీసు నుంచి ఫోను వస్తుంది, కాలనీలో కడుపులు చెడితే రాదు.

అక్కడ నా కింద ఇద్దరు అసిస్టెంట్ కెమిస్టులు, ఒక కాంట్రాక్టు మనిషి ఉండేవాళ్లు. ఆ కాంట్రాక్టు మనిషి పేరు లచ్చవ్వ. వాళ్లది జివతి గుట్టల వైపు నుంచి పనికి వచ్చిన తెలుగు కుటుంబం. నమూనా సీసాలు కడిగి, వేడి ఓవెన్‌లో ఆరబెట్టడం ఆమె పని. ఇది చిన్న పని అనుకోకండి. సీసాలో ముందే మురికి ఉంటే ఎంత గొప్ప కెమిస్టు పరీక్షించినా ఫలితం తప్పుతుంది. లచ్చవ్వ కడిగిన సీసా మీద నాకు నా సంతకం మీద ఉన్నంత నమ్మకం.

మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. ఆసిఫాబాద్ దగ్గరి సొంతూళ్లో మా తాతను మంచినీళ్ల బావి దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆయన్ను బాప్తిస్మం దాకా తీసుకెళ్లింది ప్రభువు బల్ల మీది గిన్నె. నెలకోసారి ఆరాధనలో జరిగే ఈ ప్రభువు బల్లనే మేం సంస్కారం అంటాం. అందులో ద్రాక్షారసం ఒక్క గిన్నెలోనే పోసేవారు. ఒకరు తాగాక అంచు తుడిచి పక్కవారికి అందించేవారు. తనకంటే పై కులంలో పుట్టినవాడు తాగిన గిన్నె తన చేతికి వచ్చినప్పుడు తాత వణికిపోయాడట. ప్రతి క్రిస్మస్‌కూ ఈ కథ మా ఇంట్లో చెప్పుకునేవాళ్లం. చంద్రాపూర్‌లోని మా తెలుగు సంఘంలో ఏ ఇంటికి వెళ్లినా ఇంచుమించు ఇలాంటి కథే వినిపించేది. లచ్చవ్వకు కూడా నేను ఇదే చెప్పాను. చెప్పి, మా గుడికి రమ్మని పిలిచాను. ఆ ఏడాది ఆమె కుటుంబంతో కలిపి ఎనిమిది కుటుంబాలు బాప్తిస్మం తీసుకున్నాయి.

వాళ్లు వచ్చాక రెండో నెల సంస్కారపు ఆదివారం అయిపోయింది. మర్నాడు మా ఆయన ఆ గిన్నెను గుడ్డసంచిలో పెట్టుకొని ల్యాబుకు వచ్చాడు. ఆయన మెకానికల్ విభాగంలో ఫోర్‌మన్, సంఘ కమిటీకి కార్యదర్శి. ఒకే గిన్నెలో అందరూ తాగడం ఆరోగ్యానికి మంచిదా కాదా పరీక్షించి రాసివ్వమని కమిటీ అడుగుతోందన్నాడు. నేను నిజంగా సంతోషించాను. మా పెద్దలకు ఇన్నాళ్లకు శాస్త్రం మీద గౌరవం కలిగిందనుకున్నాను. నలభై ఏళ్లుగా లేని అనుమానం ఈ నెలలోనే ఎందుకు పుట్టిందని నేను అడగలేదు. అంత చదువుకున్నదాన్ని, ఆ ఒక్క మాట నోటికి రాలేదు.

పరీక్ష సులభమైనదే. మరిగించి చల్లార్చిన నీళ్లతో గిన్నెను లోపలా బయటా కడిగి, ఆ నీళ్లను మందు కాగితం ఉన్న సీసాలో పోసి, వెచ్చని పెట్టెలో రెండు రోజులు ఉంచాలి. మురుగు కలిసిన జాడ ఉంటే నీళ్లు నల్లబడతాయి. నల్లబడ్డాయి. ఆ సీసా కడిగి ఇచ్చింది కూడా లచ్చవ్వే. "గిన్నె ఉమ్మడి వాడకానికి తగదు" అని రెండు వరుసలు రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాను.

తర్వాతి సంస్కారపు ఆదివారం గిన్నె లేదు. స్టాండులో గుచ్చిన చిట్టి గాజు గ్లాసులు వచ్చాయి. దాని వెనకే ఇంకో పళ్లెంలో ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి, తాగి పారేసే రకం. గాజు గ్లాసులు మాకు. ప్లాస్టిక్ కప్పులు వెనక వరుసల్లో కూర్చున్న ఆ ఎనిమిది కుటుంబాలకు. గ్లాసులు సరిపోలేదేమో అనుకున్నాను. మరుసటి నెలా అంతే. ఈసారి గాజు గ్లాసులు పదో పన్నెండో మిగిలి బల్ల మీదే ఉన్నాయి. ఆ కుటుంబాల కులం మా కులానికి కూడా కిందిదని మావాళ్ల లెక్క. అది అప్పుడు తట్టి నాకు ఒళ్లు మండింది.

మర్నాడు ఉదయాన్నే, మొదట చేయాల్సి ఉండీ చేయని పని చేశాను. ఎక్కడైనా మురుగు జాడ దొరికితే కెమిస్టు అక్కడితో ఆగకూడదు. కుళాయి, పైపు, ట్యాంకు, ఇలా వెనక్కి వెళ్తూ ప్రతిచోటా నమూనా తీయాలి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలో నేర్పే పాఠమిది. నేనే దాన్ని ఎగ్గొట్టాను. గుడి మీది ట్యాంకు నీళ్లు రెండో రోజు పూర్తయ్యేలోపే తారులా నల్లబడ్డాయి. గిన్నెను ఆరాధన కాగానే ఆ నీళ్లతోనే కడిగి, తడిగా గుడ్డలో చుట్టి నాకు పంపారు. మనుషుల పెదవుల వల్లే గిన్నె చెడిందని చెప్పడానికి నా పరీక్షలో ఏ ఆధారమూ లేదు. ట్యాంకు మూత పగిలి, లోపల పావురాలు కాపురం పెట్టాయి.

పాత రిపోర్టు రద్దు చేస్తున్నానని, ట్యాంకు కడిగించి గిన్నెను మళ్లీ పరీక్షకు పంపమని రాసి కమిటీకి ఇచ్చాను. పాస్టరు అయ్యగారు చదివి, "వందనాలమ్మా, మంచి పని చేసినవ్" అన్నారు. వారంలో ట్యాంకు కడిగించి, బ్లీచింగ్ చల్లించి, కొత్త మూత వేయించారు. గిన్నె సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. నేనే ఎత్తితే, పాత రిపోర్టు మినిట్స్ పుస్తకంలోకి ఎక్కిపోయిందన్నారు. మరి ప్లాస్టిక్ కప్పులెందుకని అడిగితే, వాళ్లకు గాజు గ్లాసు పట్టుకోవడం అలవాటు లేదని ఒక పెద్దాయన చెప్పాడు. రోజుకు రెండు వందల గాజు సీసాలు కడిగే మనిషికి గాజు పట్టుకోవడం రాదట!

ఇంటికొచ్చాక మా ఆయన, "ఏందే నీ లొల్లి? నీళ్లు మంచిగైనయ్ గదా, ఇంక ఇడిచిపెట్టు" అన్నాడు. ఆయన తాత కూడా బావి దగ్గరికి రానివ్వని తాతే. ఆ మాట అన్నాను. ఆయన అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు.

మళ్లీ సంస్కారపు ఆదివారం వచ్చింది. గాజు గ్లాసుల స్టాండు నా ముందుకు వస్తే వద్దన్నాను. వెనకే ప్లాస్టిక్ కప్పుల పళ్లెం వస్తోంది. అందులోంచి ఒకటి తీసుకోబోయాను. పళ్లెం పట్టుకున్న పెద్దాయన చటుక్కున దాన్ని వెనక్కి లాగి, నవ్వుతూ, నాకు మేలు చేస్తున్నట్టే, "అది మీది గాదు సిస్టర్" అన్నాడు.

అందులోనూ అదే ద్రాక్షారసం. నేను చేయి వెనక్కి తీసుకొని, చెప్పులేసుకొని బయటికి వచ్చాను. మళ్లీ వెళ్లలేదు. సంస్కారానికీ వెళ్లలేదు, క్రిస్మస్‌కూ వెళ్లలేదు. కొన్నాళ్లకు ప్రార్థన కూడా మానేశాను. ఎవరికి చేస్తున్నానో తెలియని పని చేయడం నాకు చేతకాదు.

ఊరుకుంటారా? సంఘం వాళ్లు నెల రోజులు వరసపెట్టి మా ఇంటికి వచ్చారు. మనుషుల్ని చూడొద్దు, ప్రభువును చూడమన్నారు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, విన్నప్పుడల్లా విసుగే. కొండల్లో ఏరు ఎంత తేటగా ఉన్నా, ఇంట్లో కుళాయి నుంచి మురుగు వస్తుంటే తాగమని నేను సర్టిఫికెట్ ఇవ్వగలనా? ఏరు బాగానే ఉండొచ్చు. జనం తాగేది కుళాయి నీళ్లు. ఇదే వచ్చినవాళ్లకు చెప్పి, టీ ఇచ్చి పంపించేదాన్ని.

లచ్చవ్వకు జరిగిందంతా చెప్పి క్షమాపణ అడిగాను. నా సంతకం వల్లే ఇలా అయిందన్నాను. ఆమె సీసా కడుగుతూనే, "మీకు గిప్పుడు ఎరుకైందా మేడం? మాకు మొదటి దినమే తెల్సు. గిన్నె నా దిక్కు వస్తుంటే ముంగట కూసున్నోళ్ల మొఖాలు జూసిన" అంది. మరి ఇంకా ఎందుకు వెళ్తున్నావని అడిగాను, కాస్త గట్టిగానే. సీసా వంచి, నీళ్లు కారనిచ్చి, నా వైపు చూసింది.

"నేను మానేస్తే ఆళ్లకు మస్త్ సుఖం గదా. మీరు మానేసి గా సుఖం ఇచ్చిండ్రు. నేనియ్య."

నాకు కోపం వచ్చింది. ఆమె ఇప్పటికీ ఆ గుడికి వెళ్తోంది. మా ఆయనా వెళ్తున్నాడు. నేను ఆదివారాలు ఇంట్లోనే ఉంటున్నాను. వెనక్కి వెళ్లడానికి నాకు కారణం కనిపించలేదు, లచ్చవ్వ మాట తప్పని రుజువు చేయడానికి ఆధారమూ దొరకలేదు.

ఆ తర్వాత ల్యాబులో పరీక్ష కోరే ఫారంలో ఒక గడి చేర్పించాను. ఈ పరీక్ష ఎవరికి, ఎందుకు కావాలి అన్నది అందులో రాయాలి. అది రాయకుండా నమూనా తెస్తే, తెచ్చింది ఎంత పెద్ద ఆఫీసరైనా వెనక్కి పంపమని పదవీ విరమణ చేసే రోజు వరకూ మా వాళ్లకు చెప్పాను. మా ఆయన తెచ్చినా సరే పంపేయమన్నాను.