విమానం ఏ నెలలోనండి?

పంతొమ్మిదివందల ముప్పైల నాటి మాట. ఆ రోజుల్లో దూరమనేది మైలురాళ్ళ మీద ఉండేదేమో గాని, మా కొల్లేటి లంకలో మాత్రం ఉండేది కాదు. ఏలూరు ఎంత దూరమని ఎవరైనా అడిగితే, "ఏ నెలలోనండి?" అని తిరిగి అడిగేవాళ్ళం. శ్రావణంలో నీరు పొంగితే దోనెలో గెడ వేసుకుంటూ సూటిగా ఒక్క పూటలో వెళ్ళిపోయేవాళ్ళం. వైశాఖంలో సరస్సు ఇంకిపోయి బురద మిగిలితే, చుట్టూ తిరిగి నడిచేసరికి పొద్దుగూకేది. ఊరు కదలదు, దూరమే కదిలేది. ఇందులో వింతేముందో నాకు ఇరవయ్యో ఏటిదాకా తెలియలేదు.

ఆ ఏడు ట్రైనింగు పాసై, తాడేపల్లిగూడెం వైపు ఒక ప్రైవేటు బడిలో మేష్టరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళాను. అది వస్తే మా నాన్న ఇక చలిలో చేపల వేటకి వెళ్ళక్కర్లేదు. ఒంటి మీద స్నేహితుడి కోటు (చేతులు నా వేళ్ళని పూర్తిగా మింగేశాయి). బడి కమిటీ ప్రెసిడెంటు గారికి గుబురు మీసాలు. ఆ మధ్య పేపర్లో విమానాల కబుర్లు చదివి కనబడ్డవాళ్ళకల్లా అవే చెబుతున్నారట. పాఠాల ఊసెత్తకుండా, "ఏలూరు నుంచి తాడేపల్లిగూడేనికి ముప్పై మైళ్ళు. విమానం గంటకి తొంభై మైళ్ళు పోతుంది. ఎంతసేపట్లో వస్తుందోయ్?" అన్నారు. లెక్క రాక కాదు గాని, నా నోరు అలవాటు కొద్దీ, "ఏ నెలలోనండి?" అనేసింది.

కమిటీ అంతా నవ్వింది. పక్కనున్న హెడ్మాస్టరు గారు (పాపం, మంచివారు) "కంగారు పడ్డాడండి. ఇరవై నిమిషాలని చెప్పు బాబూ" అని అందించారు. చెప్పేవాణ్ణే. ఈలోగా ప్రెసిడెంటు గారు కళ్ళు తుడుచుకుంటూ, "కొల్లేటి వాళ్ళకి విమానానిక్కూడా ముహూర్తం కావాలండోయ్" అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"ముహూర్తం కాదండి. ఆషాఢంలో అయితే పడమటి గాలి వెనకనుంచి తోస్తుందండి, ఇరవై కంటే ముందే వచ్చేస్తుంది. కార్తీకంలో తూర్పుగాలి ఎదురు కొడుతుందండి, ఇరవైలో రానే రాదు. తమరు నెల చెప్పండి, నేను నిమిషాలు చెబుతాను."

"నువ్వు విమానం ఎక్కావుటోయ్?"

"లేదండి. తమరెక్కారాండి?"

ఆయన మీసం సవరించుకున్నారు. "నీకు ఉద్యోగం కావాలా, నెల కావాలా?"

"నెలేనండి" అన్నాను. (ఎంత దర్జాగా అన్నానంటే, ఆ క్షణాన కోటు కూడా నాదేననిపించింది.)

మర్నాడు లంకకి చేరేసరికి నాన్న రేవులో వల సర్దుకుంటున్నాడు. "వచ్చిందేంట్రా?" అన్నాడు. లేదని, జరిగిందంతా పొల్లుపోకుండా చెప్పాను, భుజం తడతాడన్న ఆశతో. ఆయన వల మడుస్తూనే, "గాలి సంగతి నువ్వన్నదే నిజంరా" అన్నాడు. నేను పొంగిపోయేలోగానే, "అయినా, ఇరవై అనేస్తే పోయేది కదరా" అని, వల భుజానేసుకుని దోనె ఎక్కాడు.

మరుసటి ఏడు ఇంకో బడిలో ఉద్యోగం దొరికింది గాని, ఆ ఒక్క చలికాలమూ నాన్న వేటకి వెళుతూనే ఉన్నాడు. ఆ కోటు కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, నాన్న తరఫున వాడి చెవి మెలిపెట్టాలనీ ఉంటుంది. జవాబు మార్చుకోమని మాత్రం ఇవాళ్టికీ అనను.