మేస్త్రి ఫోన్ వచ్చేలోపు

బిల్డింగు పనుల మేస్త్రి పొద్దున ఒక్కసారే ఫోన్ చేస్తాడు. ఎత్తకపోతే ఆ రోజు పని ఇంకొకరిది. అది తెలిసి కూడా మా ఆయన, కరెంటు పోయిన ఆ పొద్దున, ముంబై కామాటిపురాలో మేముండే వరసగదుల చాల్ గ్యాలరీలో కూర్చుని, మార్కెట్లోకి రాబోయే కొత్త ఫోన్ల వీడియోలు తన ఫోన్లో చూస్తున్నాడు. నేను గుమ్మంలోంచి అరిచాను.

"ఆపయ్యా, చార్జింగ్ అయిపోతది!"

"జర ఆగే. కొత్త ప్రాసెసర్ వేడెక్కదంట, బ్యాటరీ రెండు దినాలు ఆగుతదంట. పక్కాగా ఇంకా ఎవ్వరికీ తెల్వదు."

ఆ మాట అంటుండగానే తెర నల్లబడింది. కాసేపటికి పక్కగది కూలీ అన్నం డబ్బా పట్టుకుని బయటికొచ్చాడు.

"అన్నా, నీ ఫోన్ బందున్నదంట. మేస్త్రి నన్ను రమ్మన్నడు."

"కరెంటు లేదు గదరా, నీది ఎట్ల మోగింది?" అన్నాడు మా ఆయన.

అతను జేబులోంచి బటన్ ఫోన్ తీసి చూపించాడు.

"మొన్న పెట్టిన చార్జింగే, అన్నా."