మౌసు మీదికి పోయిన చెయ్యి

పక్క సీట్లో స్వరూప మౌసును టిక్కుటిక్కుమనిపిస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆమె తప్పేం లేదు. ఈ రోగం నాకు అంటించింది రాజలింగు సారు.

మా బాపు ఉద్యోగం వారసత్వంగా నాకు వచ్చి, శ్రీరాంపూర్ దగ్గర ఒక బొగ్గుగని ఆఫీసులో చేరినప్పుడు సారే నా పై అధికారి. చాలా ఏళ్లు భూమి కింద పనిచేసి, మోకాలు దెబ్బతిని పైన ఆఫీసుకు మారినవారు. షిఫ్టు దిగి వచ్చిన కార్మికులు కింద ఏం చూశారో చెబుతుంటే కంప్యూటర్‌లో నోట్సు రాయడం నా పని. అది చదివాకే తర్వాతి షిఫ్టు గనిలోకి దిగుతుంది. నేను బాగానే రాసేదాన్ని. అయినా నా చెయ్యి మౌసు వైపు కదిలిందంటే చాలు, వెనక నుంచి పెన్నుతో బల్ల మీద టకటక కొట్టేవారు.

"మల్ల పోయిందా చెయ్యి? కొత్త పేజీకి కంట్రోల్ ఎన్, ఎతుకుటానికి కంట్రోల్ ఎఫ్. ఎన్నిసార్లు చెప్పాలె?"

"రెండు సెకన్లే కద సార్!"

"గా రెండు సెకన్లే వద్దంటున్న."

ఎందుకో చెప్పరు. ఒకరోజు మౌసు పీకి బీరువాలో పెట్టి తాళం వేశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కితే రాసిందంతా మాయమయ్యేది. ఇంటికి పోయి అవ్వ దగ్గర సారును నోటికొచ్చినట్టు తిట్టి, మర్నాడు టిఫిన్ సంచిలో మా ఇంటి మౌసు దాచుకుని వెళ్లాను. సారు చూశారు. చూసి తన సీటుకు వెళ్లిపోయారు. నేనే గెలిచాననుకున్నాను.

ఆ వారమే, మొదటి షిఫ్టు ముగించుకుని ఓదెలన్న వచ్చాడు. ఒంటి నిండా బొగ్గు, స్నానానికి తొందర. "మూడో లెవెల్ల నీళ్లు జర తగ్గినయ్. ఇగ గా మూలకు..." అంటుండగా, నిన్నటి పేజీ తెరుద్దామని నేను మౌసు అందుకున్నాను. "ఒక్క నిమిషం అన్నా," అన్నాను. ఆ పేజీ వెతికి తల ఎత్తేసరికి ఆయన లేచి నిలబడ్డాడు. "గంతే తియ్ బిడ్డా, రాస్కో," అని వెళ్లిపోయాడు.

సారు ఆ మోకాలితోనే ఆయన వెంట పడ్డారు. స్నానాల గది గుమ్మంలో పట్టుకున్నారు. భయపడి నేనూ వెనకే పరుగెత్తాను.

"గా మూలకు అని ఆగినవ్. ఏందది?"

"ఏం లే సార్. పైన కప్పు జర సప్పుడు చేస్తుంది. రోజు ఉండేదే అనుకున్న."

రెండో షిఫ్టును ఆ మూలకు పోనివ్వలేదు. సాయంత్రం అక్కడ కప్పు కూలింది. దాని కింద ఎవరూ లేరు. ఆ వార్త విన్నాక మా ఇంటి మౌసు పీకి మళ్లీ టిఫిన్ సంచిలో పెట్టేశాను.

సారు నన్ను తిట్టలేదు. "అలిసొచ్చినోడు ఒక్కసారే చెప్తడమ్మా. నీ కన్ను పక్కకు పోతే మిగిలింది మింగుతడు," అన్నారు. మొదటి రోజే ఈ ముక్క చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది? సారు రిటైరై వెళ్లి ఇన్నేళ్లయినా ఆ కోపం నాకు తగ్గలేదు.

ఇప్పుడు నా వేళ్లు వాటి పని అవి చేసుకుంటాయి. కళ్లు చెప్పేవాళ్ల ముఖం మీదే ఉంటాయి. చివర్లో "ఇంకేమన్న ఉన్నదా అన్నా?" అని అడిగి, ఊరికే కూర్చుంటాను. చాలామంది లేదంటారు. లేవబోయి మళ్లీ కూర్చునేవాళ్లు కూడా ఉంటారు.