మిరప ఘాటు అనుకున్న నెత్తురు

మిరపకాయలు ఎండబోసిన కల్లంలో దగ్గని మనిషి ఉండదు. అందుకే ఆ మధ్యాహ్నం కాయలు తిరగేస్తూ దగ్గి ఉమ్మితే ఎర్రగా పడినా నేను భయపడలేదు. పొడి నోట్లోకి పోయిందనుకుని, మజ్జిగ తాగి మళ్ళీ పనిలో పడ్డాను. మూడో రోజు కల్లానికి పోకుండానే ఎర్రగా పడింది. అప్పుడు భయపడ్డాను.

మా ఊరి కాంపౌండరు వీపు మీద గొట్టం ఆనించి టి.బి. అన్నాడు. స్ట్రెప్టోమైసిన్ సూదులు మొదలుపెట్టాడు. మా అత్తగారు నా కంచం, చెంబు వేరుపెట్టారు. నాలుగేళ్ళ నా కూతురు గడప అవతలే నిలబడి ఎప్పుడు ఎత్తుకుంటావని అడిగేది. ఆరు నెలల సూదులతో చెవుల్లో హోరు వచ్చిందిగాని నెత్తురు ఆగలేదు.

అప్పుడు మా బావగారు నన్ను గుంటూరు తీసుకుపోయారు. ఆయన మా ఆయనకు అన్నగారు, పటాలంలో పనిచేసి వచ్చి సేద్యం చేసుకుంటున్నారు. అక్కడి డాక్టరు కళ్ళె మూడుసార్లు పరీక్ష చేసి టి.బి. లేదన్నాడు. ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తిపట్టి, "లోపల ఫారిన్ బాడీ ఉందమ్మా. ఇనుపముక్క. ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?" అని అడిగాడు.

తగిలింది. పదేళ్ళప్పుడు, రంగూన్‌లో. మా నాన్న అక్కడ బియ్యం మిల్లులో పనిచేసేవాడు. యుద్ధం రోజుల్లో శత్రువుల విమానాలు వస్తే జనం వీధుల్లోకి వచ్చి వింతగా చూశారు. మా అమ్మ కుళాయి కింద బిందె పెట్టి తలెత్తి చూస్తోంది. ఆ వీధిలో సిపాయి లేడు, ఫిరంగి లేదు. బట్టలుతుక్కునే ఆడవాళ్ళు, పిల్లలు. బాంబులు పడ్డాయి. అమ్మ మళ్ళీ లేవలేదు. నా చంక కింద గాయం పైకి మానిపోయింది. మన దేశం తిరిగొచ్చాక, పెళ్ళిచూపులప్పుడు నాన్న రేకు గీసుకుందని చెప్పాడు. నేనూ అందరికీ అదే చెబుతూ వచ్చాను.

మద్రాసులో ఆపరేషన్ చేశారు. పక్కటెముకల మధ్య ట్యూబ్ పెట్టారు. పన్నెండో రోజు చీము పట్టి జ్వరం రేగితే రెండోసారి కోశారు. తేరుకున్నాక అక్కడి డాక్టరు చింతగింజంత ముక్కను సీసాలో పెట్టి ఇచ్చాడు. ఇది వేసినవాడికి ఏం శిక్ష పడిందండీ అని అడిగాను. "యుద్ధం కదమ్మా" అని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. నేనేం యుద్ధం చేశాను? మా అమ్మ ఏం యుద్ధం చేసింది?

బావగారినీ అడిగాను.

"యుద్ధం అయ్యాక అవతలివైపు పెద్ద అధికార్లను కొందరిని ఉరి తీశారమ్మాయ్."

"ఊరి మీద బాంబులేసినందుకా?"

"అందుకు కాదులే. వేరే నేరాలకు. ఈ పని మనవైపు వాళ్ళూ చేశారు, ఇంకా ఎక్కువే చేశారు. ఆ సంగతి అడిగితే వాళ్ళూ బోనులో నిలబడాలిగా."

ఆ రోజు నాకు పుట్టిన మంట జ్వరానికి కూడా లేదు. ఇద్దరూ చేశారు కాబట్టి నేరం కాకుండా పోయిందట! కల్లంలో కాయలు ఎత్తుకుపోయినవాణ్ణి మా ఊళ్ళో పదిమందిలో నిలబెడతారు. ఇద్దరు ఎత్తుకుపోతే ఇద్దరినీ నిలబెడతారుగాని, సరిపోయిందని వదిలేస్తారా?

యుద్ధం చివర్లో ఆ విమానాలవాళ్ళ ఊళ్ళు బాంబులకు తగలబడ్డాయని విన్నప్పుడు మా వాళ్ళు బాగా అయిందన్నారు. చిన్నపిల్లనైనా నేనూ అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే మండుతుంది. అక్కడా ఎవరో తల్లి నీళ్ళకు వచ్చే ఉంటుంది. నాకు వాళ్ళ ఊరు కాలడం అక్కర్లేదు. ఆ వీధి మీద బాంబు వెయ్యమని చెప్పినవాడు, గెలిచినా ఓడినా, పేరుతో సహా నిలబడి జవాబు చెప్పాలి.

ఇంటికొచ్చాక మా అత్తగారు సీసా చూసి, "ఫారిన్‌దంటున్నారుగా, పారెయ్యకే, దాచిపెట్టు" అన్నారు. నవ్వితే పక్క పట్టేసింది. ఇప్పుడు కల్లానికి పోను, పత్తి తీయడానికి పోతాను. బరువులెత్తితే ఆయాసం. కూతుర్ని ఎత్తుకోలేనుగాని, నా కంచంలోనే అన్నం కలిపి పెడతాను.

చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఒంటి మీద పాత మచ్చ ఉంటే, ఎన్నేళ్ళదైనా, డాక్టరు అడగకపోయినా చూపించండి. రేకు గీసుకుందని చెప్పకండి. ఎలా తగిలిందో చెప్పండి, ఎవరు కొట్టారో కూడా చెప్పండి.